తెల్ల తామర, ఎర్ర తామర

మొదటి రోజు: చైనా మొదటి నెల పదమూడు

చువాన్‌జౌ విమానాశ్రయం బయట అడుగు పెట్టేసరికి సాయంత్రం నాలుగయింది. కౌలాలంపూర్ ఉక్కలోంచి వచ్చినవాళ్ళం, ఇక్కడి చలిగాలికి శాలువాలు తీయక తప్పలేదు. నాతో వచ్చిన స్నేహితురాలు మలేసియాలోని పెనాంగ్‌లో పుట్టి పెరిగిన చైనీయురాలు. పన్నెండేళ్ళుగా ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తున్నాం. ఏటా చైనా కొత్త సంవత్సరం వెళ్ళాక పదిహేనో రాత్రి వచ్చే దీపాల పండగ గురించి చెబుతూనే ఉండేది. పెనాంగ్‌లో దాన్ని ‘చాప్ గో మే’ అంటారు, అంటే పదిహేనో రాత్రి. పెళ్ళికాని ఆడపిల్లలు ఆ రాత్రి సముద్రపు గట్టుకు వెళ్ళి, మంచి మొగుడు రావాలని మొక్కుకుని నారింజపళ్ళు నీళ్ళలోకి విసురుతారు. వాళ్ళమ్మ కూడా విసిరిందట. “మా అమ్మమ్మ చూసిన పండగ వేరు. అది చువాన్‌జౌలో. అక్కడ అంతా దీపాలే” అనేది. ఈ ఏడు ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది.

చువాన్‌జౌ చైనా ఆగ్నేయ తీరంలో, ఫుజియాన్ ప్రావిన్సులో ఉంది. తైవాన్ జలసంధికి ఎదురుగా ఉన్న ఊరు. సోంగ్, యువాన్ వంశాల కాలంలో ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఇదొకటి. అరబ్బు వర్తకులు దీన్ని ‘జైతూన్’ అనేవారు. ఊరినిండా ఉండే ఎర్రపూల ముళ్ళచెట్టు, మన బాడిద, దాని చైనా పేరు ‘త్సితోంగ్’. ఆ మాటే వాళ్ళ నోట జైతూన్ అయింది. మార్కో పోలో 1292లో చైనా వదిలి ఓడెక్కింది ఇక్కడే. ఆయనే తన కథనంలో మన మోటుపల్లి గురించి, అక్కడి రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి గురించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే. ఒకే మనిషి కళ్ళతో చూసిన రెండు రేవులు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల దగ్గర ఒక చిన్న పల్లె. ఈ రేవును మాత్రం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

మేం దిగింది పాతబస్తీలో, నా స్నేహితురాలి అమ్మమ్మకు వరసకు చెల్లెలయ్యే పెద్దావిడ ఇంట్లో. ఆవిడకు ఎనభై దాటాయి. ఇంట్లో అందరూ ‘ఆ-మా’ అంటారు, అంటే అమ్మమ్మ, నాన్నమ్మ. నేనూ అలాగే పిలిచాను. ఎర్ర ఇటుకల ఇల్లు. కప్పు రెండు కొసలూ వానకోయిల తోకలా చీలి పైకి లేచి ఉన్నాయి. పక్కగోడ చూసి ఆగిపోయాను. ఇటుక ముక్కలూ తెల్ల రాతి దిమ్మలూ కలిపి కట్టేశారు, ఎక్కడా ఒక వరస లేదు, అయినా కంటికి ఎంతో ఇంపుగా ఉంది. 1604లో ఇక్కడ పెద్ద భూకంపం వచ్చింది. కూలిన ఇళ్ళ శిథిలాలు పారేయకుండా ఇలా గోడలు కట్టుకోవడం అప్పుడే మొదలైందని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

గుమ్మానికి రెండు పక్కలా పెద్ద గుండ్రటి కాగితపు లాంతర్లు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో ఒకే ఒక్క అక్షరం. అది ఇంటిపేరట. ఇంటిపేరు రాసిన దీపం గుమ్మంలో వేలాడితే పూర్వీకులకు దారి తెలుస్తుంది, కొత్తవాళ్ళకు ఎవరిల్లో తెలుస్తుంది.

టీ తాగగానే ఆ-మా నన్నడిగిన మొదటి ప్రశ్న: “పిల్లలెంతమంది?” ఒక్కతే అమ్మాయి, పెళ్ళయి ఎనిమిది నెలలయింది, విశాఖపట్నంలో ఉంటుంది అని చెప్పాను. నా స్నేహితురాలు ఆ మాటను వాళ్ళ మిన్నాన్ భాషలోకి మార్చి చెప్పింది. ఆవిడ టీ గిన్నె కింద పెట్టేసి, “అయితే మొదటి ఏడాదే! దీపం పంపావా?” అంది.

అర్థం కాలేదు. చెప్పుకొచ్చింది. మిన్నాన్‌లో దీపాన్ని ‘టింగ్’ అంటారు. ఇంటికి పుట్టే మగబిడ్డను, వంశానికి చేరే మనిషిని కూడా ‘టింగ్’ అనే అంటారు. దీపం పంపడమంటే సంతానం కలగాలని దీవించడం. పెళ్ళయిన మొదటి ఏడాది ఈ పండగకు పుట్టింటివాళ్ళు కూతురికి తామరపువ్వు లాంతర్లు జత పంపాలి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. వాటిని మంచం దగ్గర వేలాడదీసి పదిహేనో రాత్రి వెలిగిస్తారు. తెల్లది అబ్బాయి, ఎర్రది అమ్మాయి. ఏది ముందు కాలిపోతే ఆ బిడ్డ ముందు వస్తుందని వాళ్ళ ఇంట్లో నమ్మేవారట. “మా అమ్మ నాకు పంపింది. ఎర్రది ముందు కాలిపోయింది. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు” అంది ఆ-మా.

శ్రావణ మాసపు సారె, మొదటి సంక్రాంతికి పంపిన అరిసెలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మేం పంపనిది దీపం ఒక్కటే.

రాత్రి భోజనం కాకముందే సందు చివరి లాంతర్ల కొట్టుకు తీసుకెళ్ళింది. అరుగు మీద ఒక నడివయసు మనిషి దళసరి కాగితం మీద వంగి, సూదితో చిల్లులు పొడుస్తున్నాడు. చువాన్‌జౌ లాంతర్లలో పేరున్నది ఇదే, ‘ఎముకలు లేని లాంతరు’ అంటారు. లోపల వెదురు బద్ద ఉండదు, తీగ ఉండదు. కాగితం మీద పూలూ పక్షులూ గీసి, ఆ గీతల వెంట వేల చిల్లులు పొడిచి, ఆ పలకలనే ఒకదానికొకటి అతికిస్తారు. కాగితమే ఎముక, కాగితమే చర్మం. పగలు చూస్తే పాలిపోయిన తెల్ల డబ్బా. లోపల దీపం పెట్టగానే చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా బయటికొచ్చి పువ్వవుతుంది. సూది ఎంత లోతుకు దిగితే వెలుగు అంత. లోతు తేడాతోనే రేకుకు నీడ తెస్తారు. నేను నిలబడి చూస్తుండగా ఒక నెమలి మెడ పూర్తయింది, అరగంట పట్టింది.

పక్కన వేలాడేది మరో రకం. కాగితంలో అతి సన్నని జాలీలు కత్తితో చెక్కి, వాటి వెనక గాజు పోగులు వరసగా పేరుస్తారు. వెలిగిస్తే ఆ పోగులు మంచులా మెరుస్తాయి. 20వ శతాబ్దంలో లీ యావ్‌బావ్ అనే కాగితపు చెక్కడం కళాకారుడు దీనికి పేరు తెచ్చాడు. చువాన్‌జౌ లాంతర్లు 2006లో చైనా జాతీయ వారసత్వ కళల మొదటి జాబితాలోకి ఎక్కాయి. ప్లాస్టిక్ కుందేళ్ళూ బ్యాటరీతో పాడే లాంతర్లూ అదే వీధిలో కుప్పలుగా అమ్ముతున్నారు, పిల్లలు వాటినే పట్టుకు లాగుతున్నారు. ఆ సూది మనిషి దగ్గర నేర్చుకుంటూ ఇద్దరు అమ్మాయిలు కూర్చుని ఉండటం నాకు ఊరట కలిగించింది.

ఆ-మా తామర లాంతర్ల జత చేయమని చెప్పింది. పదహారుకు సిద్ధం.

రెండో రోజు: పద్నాలుగు

పొద్దున్నే వీధి చివర సేమ్యా జావ తిన్నాం. వెంట్రుకలంత సన్నని గోధుమ సేమ్యాను గుజ్జుగా ఉడికించి పోస్తారు, పైన ఎవరికి కావలసింది వాళ్ళు వేయించుకుంటారు. తర్వాత కైయువాన్ ఆలయం. నిజం చెప్పాలంటే ఈ ప్రయాణానికి నేను ఒప్పుకున్నది సగం దీని కోసమే.

ఈ బౌద్ధాలయం 686లో వెలసింది. ఒక మల్బరీ తోట యజమానిని సన్యాసి స్థలం అడిగితే, మల్బరీ చెట్లకు తెల్ల తామరలు పూస్తే ఇస్తానన్నాడట, పూశాయట. తెల్ల తామర మాట మళ్ళీ ఇక్కడ వినపడగానే ఆ-మా చెప్పిన జత గుర్తొచ్చింది. పెద్ద హాలుకు ముందు రెండు పక్కలా ఎనిమిది మూలల రాతి గోపురాలు. 13వ శతాబ్దంలో పూర్తయ్యాయి, తూర్పుది 48 మీటర్ల ఎత్తు, పడమరది దానికంటే కాస్త తక్కువ. 1604 భూకంపానికి ఊరు కూలినా ఇవి నిలబడ్డాయి. పడమటి గోపురం నాలుగో అంతస్తులో కత్తి పట్టిన కోతి మొహం వీరుడొకడు చెక్కి ఉన్నాడు. మన హనుమంతుడికీ అతనికీ చుట్టరికం ఉండవచ్చని కొందరు పరిశోధకులు రాశారు. కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

పెద్ద హాలు వెనక వైపుకు వెళ్ళాలి. అక్కడ వసారాలో రెండు స్తంభాలు మిగతావాటిలా ఉండవు. పదహారు పలకలుగా చెక్కినవి, మధ్య మధ్య గుండ్రటి చట్రాల్లో బొమ్మలు. దగ్గరకు వెళ్ళి చూస్తే హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని చీలుస్తున్న నరసింహుడు. మద్దిచెట్ల మధ్య బాలకృష్ణుడు. కాళియుడి మీద కృష్ణుడు. అక్కడే మొసలి పట్టిన ఏనుగు! చైనాలో, ఒక బుద్ధుడి గుడి వెనక, గజేంద్రమోక్షం. పోతన పద్యం నోటికి వచ్చినవాళ్ళెవరికైనా అక్కడ గొంతు పట్టేస్తుంది. నాకూ అదే అయింది.

ఇక్కడ తమిళ వర్తకులు స్థిరపడి శివుడికీ విష్ణువుకూ గుళ్ళు కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం ఈ ఊళ్ళోనే దొరికింది, శివుణ్ణి ప్రతిష్ఠించిన సంగతి అందులో ఉంది. ఆ గుళ్ళు పోయాయి. మింగ్ వంశం కాలంలో ఆలయం బాగు చేసినప్పుడు, పడి ఉన్న మంచి రాళ్ళను తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. స్తంభాల దగ్గర అగరుబత్తులు కాలుతున్నాయి. ఒక పెద్దాయన వచ్చి నరసింహుడికి ఎదురుగా చేతులు జోడించి వెళ్ళాడు. ఆయన ఎవరనుకుని దండం పెట్టాడో నాకు తెలియదు, అడగాలని కూడా అనిపించలేదు.

ఆలయం ఆవరణలోనే ఒక పాత ఓడ ఉంది. 1974లో హౌజూ రేవు బురదలోంచి తవ్వి తీశారు, సోంగ్ కాలం నాటిది. దాని కడుపులో సుగంధపు చెక్క, మిరియాలు, సాంబ్రాణి దొరికాయి. అలెగ్జాండ్రియాకు ఒక మిరియాల ఓడ వెళితే జైతూన్‌కు వంద వస్తాయని మార్కో పోలో చెప్పింది ఈ రేవు గురించే. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో సుంకాల పట్టిక ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలు. ఒకే సముద్రం మీద ఇటూ అటూ తిరిగిన సరుకు. చీనాంబరం అనే మాట మన కావ్యాల్లోకి ఊరికే రాలేదు.

మధ్యాహ్నం షున్‌పు అనే జాలరిపేటకు వెళ్ళాం. అక్కడి ఆడవాళ్ళు కొప్పు చుట్టూ పూలదండలు చక్రంలా చుట్టి, మధ్యలో ఎముక పుల్ల గుచ్చుతారు. ఇప్పుడు ఊళ్ళన్నిటినుంచీ అమ్మాయిలు వచ్చి డబ్బిచ్చి ఆ పూలు పెట్టించుకుని ఫొటోలు దిగుతున్నారు, సందు నడవడానికి లేదు. పెద్ద పెద్ద ఆల్చిప్పలతో కట్టిన గోడలు మాత్రం బాగున్నాయి. ముప్పావుగంటలో వెనక్కి వచ్చేశాం.

సాయంత్రం ఊరిలోని కన్ఫ్యూషియస్ మందిరం ఆవరణలో నాన్‌యిన్ విన్నాం. 2009లో యునెస్కో గుర్తించిన పాత సంగీతం ఇది. వాయించేవాళ్ళు ‘పీపా’ అనే తంతివాద్యాన్ని మిగతా చైనాలోలా నిలబెట్టి పట్టుకోరు, ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటారు. నిలువు పిల్లంగోవి, రెండు తంతుల వాద్యం, చేతిలో చెక్క తాళం. చాలా నెమ్మది. మొదటి పావుగంట నాకు పట్టుబడలేదు. తర్వాత ఒక ముసలావిడ పాట అందుకుంది, ఒక్క అక్షరాన్ని ఊపిరి ఆగేదాకా సాగదీసింది. అప్పుడు లేవబుద్ధి కాలేదు.

మూడో రోజు: పదిహేను

తెల్లవారకముందే వంటింట్లో చప్పుడు. ఆ-మా, ఆవిడ కోడలు, ఇద్దరు మనవరాళ్ళు పెద్ద వెదురు పళ్ళెం చుట్టూ చేరారు. ఈ పండగ పిండివంట పేరే పండగ పేరు. ఉత్తర చైనాలో ‘యువాన్‌షియావ్’ అంటారు. ఇక్కడివాళ్ళు దీన్ని ‘సియోంగ్-గ్వాన్’ ఉండలు అంటారు. సంవత్సరంలో మొదటి పున్నమి ఉండలు అని.

దక్షిణ చైనాలో చాలాచోట్ల పిండి తడిపి, లోపల పూర్ణం పెట్టి చేత్తో చుడతారు, మన బొబ్బట్టుకు పూర్ణం పెట్టి మూసినట్టు. ఇక్కడ అలా కాదు. వేయించి దంచిన వేరుశనగపప్పు, నువ్వులు, పంచదార, పాకం పట్టిన బూడిదగుమ్మడి ముక్కలు కలిపి చిన్న చిన్న గోళీలు చేస్తారు. వాటిని ఒక్కసారి నీళ్ళలో ముంచి, పొడి జిగురుబియ్యప్పిండి పోసిన పళ్ళెంలో వేసి గిరగిరా ఊపుతారు. పిండి అంటుకుంటుంది. మళ్ళీ ముంచాలి, మళ్ళీ ఊపాలి. ఆరేడు సార్లయ్యేసరికి నిమ్మకాయంత తెల్లటి ఉండలవుతాయి. ఊపడంలోనే ఉంది విద్య. నా చేతిలో పళ్ళెం ఒక పక్కకు ఒరిగితే గోళీలన్నీ అటే చేరాయి. ఆ-మా నా మణికట్లు పట్టుకుని చూపించింది: మోచేతులు కదలకూడదు, మణికట్టే తిరగాలి. చేట చెరిగిన చేతులు కాబట్టి మూడో వాయికి అర్థమైంది.

పూర్ణంలో పందికొవ్వు కలపడం ఇక్కడి పద్ధతి. ఈ రోజు పౌర్ణమి, నేను నీచు తినను అని మొహమాటపడుతూ చెప్పాను. ఆ-మా ఆశ్చర్యంగా చూసి తన గిన్నె చూపించింది. ఆవిడా తినదు! ప్రతి నెలా ఒకటో రోజూ పదిహేనో రోజూ శాకాహారమే, అమ్మ నేర్పిన అలవాటట. మా ఇద్దరి పూర్ణంలో వేరుశనగ నూనె పడింది. అక్కడినుంచి ఆవిడ నన్ను చెయ్యి పట్టుకునే తిప్పింది.

ఉడికిన ఉండల్లో మొదటి గిన్నె పూర్వీకుల పలకల ముందు పెట్టారు, తర్వాతే మాకు. గుండ్రన అంటే కలయిక. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరడాన్ని కూడా వీళ్ళ భాషలో గుండ్రన అనే మాటతోనే చెబుతారు. అందుకే గిన్నె గుండ్రన, ఉండ గుండ్రన, ఈ రోజు చంద్రుడూ గుండ్రన.

మధ్యాహ్నం దక్షిణ ద్వారం వైపు ఉన్న థియెన్‌హౌ గుడికి వెళ్ళాం. 1196లో కట్టిన గుడి, సముద్రం మీద వెళ్ళేవాళ్ళను కాపాడే మాజు అమ్మవారిది. మేజౌ దీవిలో లిన్ ఇంటిపేరున్న ఇంట పుట్టిన ఆడపిల్లే ఆ అమ్మవారైందని చెబుతారు. గుడి ఆవరణ నిండా ఒక తాబేలు! వేల కిలోల బియ్యం బస్తాలు పేర్చి కట్టిన తాబేలు, డొప్ప మీద రంగు రంగుల గళ్ళు. దీన్ని ‘తాబేలును అర్థించడం’ అంటారు, తైవాన్ పక్కనున్న పెంగ్‌హూ దీవుల్లోనూ ఇదే ఆచారం. తాబేలు దీర్ఘాయువు. జనం వరసలో నడుస్తూ దాన్ని తడుముతున్నారు, ప్రతి అవయవానికీ ఒక సామెత పాడుతున్నారు. తల తడిమితే పెద్ద ఇల్లు కడతావు, నోరు తడిమితే సంపద వస్తుంది. మిన్నాన్‌లో ఆ మాటలకు ప్రాస కుదురుతుందట. పండగయ్యాక ఆ బియ్యం పంచేస్తారు.

పాత పద్ధతి ఇంకా బాగుంది. చిన్న తాబేలు పిండివంట ఒకటి అమ్మవారి ముందునుంచి ఇంటికి తీసుకెళ్ళాలంటే ఆవిడను అడగాలి. నెలవంక ఆకారపు చెక్కముక్కలు రెండు నేల మీదికి వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనన్నట్టు. తీసుకెళ్ళినవాడు వచ్చే ఏడు అంతకంటే పెద్దది తెచ్చి తిరిగివ్వాలి. అమ్మవారి దగ్గర అప్పు. నా స్నేహితురాలు పెనాంగ్‌లో తినే ఎర్రటి తాబేలు పిండివంట ‘ఆంగ్-కూ’ ఎక్కడినుంచి వచ్చిందో ఇక్కడ చూసి చాలాసేపు మాట్లాడలేదు.

చీకటి పడింది. దీని గురించి ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. పాతబస్తీ వీధులన్నీ తలల మీదుగా దీపాలు. తామరలు, చేపలు, తిరిగే గుర్రాల లాంతర్లు. లోపలి దీపపు వేడికి గాలి పైకి లేచి, కాగితపు చక్రం తిరుగుతుంది, దానికి అంటించిన గుర్రాల నీడలు బయట పరుగెడతాయి. టాంగ్ వంశం కాలంలో రాత్రిపూట వీధుల్లో తిరగడం నేరం, నగర ద్వారాలు మూసేసేవారు. ఈ పండగకు మాత్రం మూడు రాత్రులు ఆ నిషేధం ఎత్తేసేవారు. సోంగ్ రాజులు దాన్ని అయిదు రాత్రులు చేశారు. ఇల్లు దాటని ఆడవాళ్ళు రాత్రి వీధిలో నడిచింది ఈ కొద్ది రాత్రులే. ఆ సంగతి చదివినప్పుడు ఒక వివరంగా చదివాను. ఇప్పుడు ఎనభై దాటిన మనిషి పట్టీల చెప్పులు వేసుకుని, మనవరాళ్ళ కంటే ముందు గుమ్మం దాటుతుంటే వేరేగా తెలిసింది.

వీధిలో ‘నిప్పు కుంపటి ముసలి దంపతులు’ వచ్చారు. ముసలాయన, ముసలావిడ వేషాలు, ఇద్దరి మధ్యా కావడికి వేలాడే ఇనుప మూకుడులో మంట. ఆడుకుంటూ పోతుంటే మంట అటూ ఇటూ ఊగుతుంది, జనం నవ్వుతూ దారి ఇస్తారు. వెనకాల నడుం పైన బట్టల్లేని కుర్రాళ్ళు ఛాతీ, డొక్కలు, తొడలు చరుచుకుంటూ ఆడే ఆట. ఆ చలిలో వాళ్ళ ఒళ్ళు ఎర్రగా కందిపోయింది, ఆట ఆగలేదు.

కన్ఫ్యూషియస్ మందిరం దగ్గర తీగల మీద వందల కాగితాలు. అవి పొడుపు కథలు. విప్పినవాడు ఆ కాగితం తెంపుకెళ్ళి చెప్పాలి, చెబితే చిన్న బహుమతి. ఒకటి నా స్నేహితురాలు చదివి చెప్పింది: “బొమ్మ గీస్తే గుండ్రన, అక్షరం రాస్తే చతురం. చలికాలం పొట్టి, ఎండాకాలం పొడుగు.” మన పొడుపు కథల నడకే! సూర్యుడు అన్నాను. నిజమే. చైనా లిపిలో సూర్యుడి అక్షరం చిన్న డబ్బాలా ఉంటుంది, పగలు అని కూడా దానికి అర్థం. ఇంకోటి, “ఒక్క నోటితో ఆవు తోక కొరికేశాడు.” అది నాకు రాలేదు. ఆవు అక్షరంలోంచి కింది గీత తీసేసి నోరు అనే అక్షరం పెడితే ‘చెప్పడం’ అనే అర్థమున్న అక్షరం వస్తుందట. పక్కనున్న పదేళ్ళ అబ్బాయి గాల్లో వేలితో రాసి చూపించాడు.

తిరిగి వస్తుంటే ఆ-మా ఒక సందు దగ్గర ఆగింది. “మా అమ్మ ఇక్కడ నిలబడి వినేది” అంది. ఈ రాత్రి ఆడవాళ్ళు చేసే మరో పని ‘అగరుబత్తి వినడం’. ఇంటి దేవుడి ముందు బత్తి వెలిగించి, మనసులో ప్రశ్న అడిగి, ఏ దిక్కుకు వెళ్ళాలో చెక్కముక్కలు వేసి తెలుసుకుంటారు. బత్తి చేత పట్టుకుని ఆ దిక్కున నడుస్తూ, చెవిన పడిన మొదటి మాటను జవాబుగా తీసుకుంటారు. ఇంటికి వచ్చి మళ్ళీ చెక్కముక్కలు వేసి అర్థం సరిచూసుకుంటారు.

ఆ-మా నాన్న లూజాన్ వెళ్ళాడు, ఫిలిప్పీన్స్‌లోని దీవి. ఈ తీరంలో అప్పట్లో ఎన్నో ఇళ్ళలో మగవాళ్ళు అలాగే వెళ్ళారు. వాళ్ళు డబ్బుతో కలిపి పంపే ఉత్తరాల మీదే ఇక్కడి కుటుంబాలు బతికాయి. ఆ ఉత్తరాలు 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి. ఒక పదిహేనో రాత్రి వాళ్ళమ్మ ఉత్తరం వస్తుందా అని అడిగి, ఈ సందు మొదట్లో నిలబడింది. ఎవరింట్లోనో ఒక పిల్ల అరిచింది: “వచ్చేసింది, వచ్చేసింది!” అది చంద్రుడి గురించి. వాళ్ళమ్మ ఇంటికి పరుగెత్తింది. ఆ ఏడు ఉత్తరం వచ్చింది. ఆ పై ఏడు కూడా వెళ్ళి నిలబడింది, మంచి మాటే వినపడింది, ఉత్తరం రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

కాసేపటికి నేను రెండు రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగాను. దీపం మగపిల్లల కోసమేనా? మనవరాళ్ళు పుట్టినప్పుడు వెలిగించలేదా? వంశపు మందిరాల్లో కొడుకు పుట్టిన ఇంటివాళ్ళే ఆ ఏడు కొత్త లాంతరు కట్టేవారని నా స్నేహితురాలు అంతకుముందే చెప్పింది. కడుపులో అది ముల్లులా ఉండిపోయింది. అబ్బాయి కావాలని నా కూతురి మంచం దగ్గర దీపం కట్టే పని నేను చేయలేను. ఆ-మా నడక ఆపకుండానే చెప్పింది. “పెద్దదానికి వెలిగించలేదు, మా ఆయన ఒప్పుకోలేదు. చిన్నది పుట్టేనాటికి ఆయన లేడు. నేనే తీసుకెళ్ళి కట్టాను. మందిరంలో పెద్దలు చూశారు, ఎవరూ తీయలేదు.”

నాలుగో రోజు: పదహారు

పదిహేనో చంద్రుడు పదహారున నిండుతాడని ఇక్కడ నానుడి. వీళ్ళు అమావాస్య నాడే ఒకటని మొదలుపెడతారు, కాబట్టి చాలాసార్లు అసలు పున్నమి పదహారునే పడుతుంది. మా విమానం రాత్రికి.

లాంతర్ల కొట్టు మనిషి తామరల జత తెచ్చిచ్చాడు. ఇవి ఎముకల్లేనివి కావు. సన్నని వెదురు పుల్లల మీద పట్టులాంటి కాగితపు రేకులు, మడిస్తే గొడుగులా ముడుచుకుంటాయి. రేకు అంచుకు రంగు పొరలు పొరలుగా ఎక్కించాడు, కొసన ముదురు, మొదట్లో దాదాపు ఏమీ లేదు. డబ్బు నేనిస్తానంటే ఆ-మా వినలేదు. పుట్టిల్లు ఇవ్వాల్సింది కదా అని వాదించాను. “నువ్వు ఇక్కడ తిన్నావు, పడుకున్నావు. ఇదీ పుట్టిల్లే” అంది. ఇద్దరం సగం సగం ఇచ్చాం.

ఇంటికి రాగానే చిన్న మనవరాలితో సిరా, కుంచె తెప్పించింది. దీపం మీద పేరు లేకపోతే ఎవరి ఇంటికి వెళ్ళాలో దానికెలా తెలుస్తుంది అంటుంది. మనవరాలు అక్షరాలు రాయబోతే ఆ-మా ఆపి కుంచె నా చేతికిచ్చింది. మీ రాతలో రాయి.

ఆ కుంచె మన కలంలా నొక్కితే ఊరుకోదు. ముందు పాత కాగితం మీద నాలుగుసార్లు రాసి చూసుకున్నాను. తర్వాత ఎర్ర తామర అడుగు రేకు మీద అమ్మాయి పేరు, తెల్లదాని మీద అల్లుడి పేరు రాశాను. ఆ-మా కళ్ళజోడు తెప్పించుకుని రేకును కిటికీ వెలుగులోకి వంచి చూసింది. ఒక అక్షరం మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది, పక్క అక్షరం మీదా తిప్పింది. నా స్నేహితురాలు నా వైపు తిరిగి చెప్పింది: “అన్నీ గుండ్రంగా ఉన్నాయి, బాగున్నాయి అంటోంది.”

సిరా ఆరేదాకా ఆగమంది. ముగ్గురం వసారాలో కూర్చున్నాం.